ఎక్కేది నిమిషం... నేర్చేది ఏళ్లు!

గాలివాన వెలిసిన రాత్రి ఊరంతా ఎదురుచూసేది ఒక్క మనిషి కోసం. అతనొస్తాడు. స్తంభమెక్కుతాడు. వెలుగు తెస్తాడు. కానీ ఆ మనిషి ఎలా తయారవుతాడో ఎవరూ పట్టించుకోరు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో కరెంటు స్తంభాల నీడన సాగే ఆ చదువు సంగతులివి.

మే నెల. సాయంత్రం దాకా నిప్పులు చెరిగిన ఎండ. చీకటి పడే వేళకి పెనుకొండ కొండ వెనక మబ్బు కమ్మింది. ఈదురుగాలి లేచింది. ఎక్కడో వేపకొమ్మ విరిగిన చప్పుడు... అంతే, కరెంటు పోయింది!

ఐదు నిమిషాలు గడిచాయో లేదో ఫోను మోగడం మొదలు. ‘ఏమప్పా, కరెంటు ఎప్పుడొస్తాది?’... ఒకరి తర్వాత ఒకరు. ఇంట్లో చంటిపిల్లాడు ఏడుస్తున్నాడని ఒకరు, పొలంలో మడి సగమే తడిసిందని మరొకరు.

టార్చిలైటు వెలుగులో ఇద్దరు గట్టుమీద నడుస్తున్నారు. ముందున్నది పాతికేళ్లు ఈ పనిలోనే పండిన లైన్‌మన్. వెనకాల భుజాన తాడు వేసుకుని వస్తున్నది కొత్తగా చేరిన కుర్రాడు. కాస్త దూరం పోయేసరికి విరిగిన కొమ్మ తీగమీద వేలాడుతూ కనిపించింది. ‘ఎక్కేయమంటావా అన్నా?’ అన్నాడు కుర్రాడు ఉత్సాహంగా. ‘ఆగు’ అన్నాడు పెద్దాయన. సబ్‌స్టేషన్‌కు ఫోను చేశాడు. అవతలి నుంచి జవాబు రావాలి. మళ్లీ ఊళ్లోంచి ఫోన్లు. కుర్రాడి కాళ్లు ఆగడం లేదు. ‘ఇంకా ఆగు’ అన్నాడు పెద్దాయన.

వాన కురిసిన రాత్రి ఈ ప్రాంతంలో ఏ పల్లెలోనైనా కనిపించే దృశ్యమే ఇది. స్తంభం ఎక్కడం నేర్పడానికి కొన్ని రోజులు చాలు. ఎప్పుడు ఎక్కకూడదో నేర్పడానికే ఏళ్లు పడుతుంది. లైన్‌మన్ చదువులో మొదటి పాఠం ఆ ‘ఆగు’ అన్న మాటే. చివరి పాఠమూ అదే!

సైకిలొచ్చా... స్తంభమెక్కొచ్చా?

లైన్‌మన్ కావాలంటే ముందుగా కావాల్సింది ఐటీఐ సర్టిఫికెట్. పదో తరగతి అయ్యాక రెండేళ్ల ఎలక్ట్రీషియన్ కోర్సులో చేరొచ్చు. వైర్‌మన్ కోర్సూ రెండేళ్లే. ఇంటర్మీడియట్‌లో ఒకేషనల్ కోర్సుగా కరెంటు పని నేర్చుకున్నవాళ్లకీ అవకాశం ఉంటుంది. ఐటీఐలో ఓమ్ సూత్రంతో మొదలుపెట్టి ఇంటి వైరింగు, మోటారు చుట్టడం, ఎర్తింగు గుంత తవ్వడం, మీటరు బిగించడం దాకా నేర్పుతారు. ఆ తర్వాత అప్రెంటిస్‌గా చేరితే అసలు లైన్ల దగ్గర పని చూసే వీలు దొరుకుతుంది.

ఉద్యోగం దొరకాలంటే మాత్రం సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాల కోసం ఎనర్జీ అసిస్టెంట్లను తీసుకున్నారు. వీళ్లనే జూనియర్ లైన్‌మన్ గ్రేడ్-2 అంటారు. తిరుపతి కేంద్రంగా పనిచేసే దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ఒక్కటే అయిదు వేలకు పైగా పోస్టులు ప్రకటించింది. అభ్యర్థులకు పెట్టిన పరీక్షలు మూడు: స్తంభం ఎక్కడం, మీటరు రీడింగు చూడటం, సైకిలు తొక్కడం! సైకిలు పరీక్ష ఏమిటని నవ్వుకున్నవాళ్లూ ఉన్నారు. పల్లెల్లో లైన్‌మన్ పని అంటే సగం తిరగడమేనని తెలిసినవాళ్లు నవ్వలేదు. చేరినవాళ్లకు మొదటి రెండేళ్లూ నెలకు 15 వేల రూపాయలు.

అలాంటి నోటిఫికేషన్ పడిందంటే చాలు, కుర్రాళ్ల కళ్లన్నీ స్తంభాల మీదే ఉంటాయి. లైన్లు లేని ఒంటి స్తంభం ఎక్కడుంటే అక్కడే సాధన. సిమెంటు స్తంభానికి మెట్లుండవు. పట్టుకోవడానికి కొమ్మలూ ఉండవు. రెండు చేతులతో వెనక అంచులు బిగించి పట్టి, పాదాలు ముందుకు తన్నిపెట్టి, ఒంటి బరువంతా వెనక్కి వేలాడదీస్తూ పైకి పాకాలి. మొదటివారం అరచేతులు బొబ్బలెక్కుతాయి. మోకాళ్లు చీరుకుపోతాయి. చెట్టెక్కే గీత కార్మికుడు మోకు వాడినట్టే కొందరు తాడు చుట్టుకుని ఎక్కుతారు. ఒడుపు తెలిశాక మాత్రం పైకి చేరడానికి నిమిషం పట్టదు.

పల్లెల్లో కనిపించే మామూలు స్తంభం పొడవు 8 మీటర్లు. అందులో ఆరో వంతు నేలలోనే ఉంటుంది. పైకి కనిపించేది 20 అడుగులకు కాస్త ఎక్కువ. ఆ నిమిషం పరీక్ష గెలిస్తే కొలువు దొరుకుతుంది. చదువు మాత్రం అక్కడే మొదలవుతుంది. జూనియర్ లైన్‌మన్, అసిస్టెంట్ లైన్‌మన్, లైన్‌మన్, లైన్ ఇన్‌స్పెక్టర్... ఈ మెట్లన్నీ ఎక్కేసరికి జుట్టు నెరుస్తుంది.

ఉడుత... కుందేలు... చిరుత!

కొత్త కుర్రాడికి మొదట తెలియాల్సింది తీగల భాష. ఇంట్లోకి వచ్చే కరెంటు 230 వోల్టులు. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వచ్చేది 11 వేల వోల్టులు. సబ్‌స్టేషన్‌కు చేరేది 33 వేలు. పొలాల మీదుగా పెద్ద ఇనుప టవర్ల మీద వెళ్లేవి 1,32,000 మొదలు 4,00,000 వోల్టుల దాకా ఉంటాయి. కింద నిలబడి పింగాణీ ఇన్సులేటర్ల వరస చూసి ఏ లైనులో ఎంత ఉందో చెప్పగలగాలి.

తీగలకు పేర్లు కూడా ఉన్నాయి. అవి బ్రిటిష్ వాళ్లు పెట్టిన జంతువుల పేర్లు. సన్న రకాల్లో ఒకటి ‘స్క్విరల్’, అంటే ఉడుత. దానికన్నా కాస్త లావుది ‘వీజిల్’. ఆ తర్వాత ‘ర్యాబిట్’. 33 వేల వోల్టుల లైన్లకు ‘డాగ్’, లక్షా ముప్పై రెండు వేలకు ‘పాంథర్’, నాలుగు లక్షల వోల్టులకు ‘మూస్’... స్టోరుకెళ్లి ‘కుందేలు ఎన్ని మీటర్లుంది?’ అన్నట్టుగా అడగడం ఈ వృత్తిలో మామూలే. ఈ పాత రకాల్లో సన్న తీగను విప్పి చూస్తే నడుమ ఒక ఉక్కుపోగు, దాని చుట్టూ ఆరు అల్యూమినియం పోగులు ఉంటాయి. కరెంటు మోసేది అల్యూమినియం. బరువు మోసేది ఉక్కు.

మరి ఆ తీగమీద కాకి హాయిగా కూర్చుంటుందే, దానికేం కాదేం? కుర్రాళ్లు అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి. కాకి రెండు కాళ్లూ ఒకే తీగమీద ఉంటాయి. రెండు కాళ్ల మధ్య వోల్టేజీలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు కాబట్టి ఒంట్లోంచి కరెంటు పారదు. అదే కాకి రెక్క పక్క తీగకో, ఇనుప క్రాస్ ఆర్మ్‌కో తగిలితే అంతే సంగతులు. మనిషి కాలు నేలమీదో, స్తంభం మీదో ఉంటుంది. అందుకే తీగ ముట్టుకున్న మనిషి దారి అయిపోతాడు.

ఎంత కరెంటు తగిలితే ప్రాణం పోతుంది? 60 వాట్ల బల్బు వెలగడానికి తీసుకునే కరెంటులో ఐదో వంతు గుండె మీదుగా పారినా చాలు, గుండె లయ తప్పవచ్చు. ‘ఇంట్లో కరెంటే కదా, చిన్నదే’ అనుకునేవాళ్లు తెలుసుకోవాల్సిన లెక్క ఇది. లైన్‌మన్లు 11 వేల వోల్టుల తీగను చూసి భయపడతారు. ఇంటి తీగను చూసి భయపడరు. అనుభవజ్ఞులు కుర్రాళ్లను హెచ్చరించేదీ అందుకే... భయపడని చోటే ప్రమాదం ఎక్కువ!

మూడు ఊళ్లు... మూడు బళ్లు

ఉమ్మడి అనంతపురం జిల్లా నుంచి 2022 ఏప్రిల్ 4న విడివడిన శ్రీసత్యసాయి జిల్లాలో ఈ మూడు పట్టణాలూ ఉన్నాయి. ఒకదానికొకటి పెద్ద దూరమేమీ కాదు. అయినా లైన్‌మన్‌కు ఒక్కో ఊరు ఒక్కో బడి.

ధర్మవరం పట్టుచీరల ఊరు. మగ్గం లేని వీధి వెతికి చూడాలి. ఒకపక్క చేతిమగ్గాలు, మరోపక్క మరమగ్గాలు. జరీ పోగులు కంటికి ఆనాలంటే వెలుతురు కావాలి. కండెలు చుట్టే యంత్రం తిరగాలంటే కరెంటు కావాలి. ఇక్కడ లైన్‌మన్ నేర్చేది ఇరుకు వీధుల విద్య. మేడమీద పిట్టగోడకు, తీగకు మధ్య దూరం ఎంతుందో చూడాలి. ఒక స్తంభం నుంచి పాతిక ఇళ్లకు పాకిన సర్వీసు వైర్లలో ఏది ఎవరిదో కనిపెట్టాలి. ఒక ఇంటి జంపరు మార్చబోయి పది మగ్గాలు ఆపితే నేతగాళ్ల ఆ పూట పని పోయినట్టే.

హిందూపురం బేరసారాల ఊరు. బెల్లం, చింతపండు, పట్టుగూళ్ల మార్కెట్లు. ఊరికి కాస్త దూరంలో తూముకుంట పారిశ్రామికవాడ. అవతల అడుగుపెడితే కర్ణాటక. ఫ్యాక్టరీల దగ్గర కుర్రాడికి అబ్బే పాఠం వేరే. అక్కడ జనరేటర్లుంటాయి. సబ్‌స్టేషన్ వాళ్లు లైను ఆపారు కదా అని స్తంభమెక్కితే, జాగ్రత్తలేని ఎక్కడో ఒక జనరేటర్ నుంచి కరెంటు వెనక్కి తన్నుకు రావచ్చు. ఇప్పుడు ఇళ్లలోనూ ఇన్వర్టర్లు వచ్చాయి. కప్పులమీద సౌర ఫలకలు వచ్చాయి. కరెంటు అటునుంచే వస్తుంది, ఇటునుంచి రాదు అనే పాత నమ్మకం చెల్లదు. రెండువైపులా చూసుకోవాల్సిందే.

పెనుకొండది మరో తీరు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరిది. కొండమీద కోట, కింద పల్లెలు, చుట్టూ బోరుబావులు. దగ్గర్లోని ఎర్రమంచిలో 2019లో కియా కార్ల కర్మాగారం నడక మొదలుపెట్టింది. ఒకవైపు ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే సత్తా ఉన్న ఫ్యాక్టరీ. మరోవైపు వేరుశనగ చేలోంచి వెళ్లే సన్న తీగ, దాని చివరన ఒక రైతు మోటారు. ఫ్యాక్టరీలో పెద్ద ఇంజనీర్లుంటారు. చేను చివర లైన్‌మన్ ఒక్కడే.

వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు 2004లో మొదలైంది. వాన తక్కువ పడే ఈ నేలలో బోరే రైతుకు దిక్కు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు ఎగిరిపోతే మడి ఎండుతుంది. లైన్‌మన్ వచ్చేదాకా ఆగలేక రైతే కర్రతో ఏబీ స్విచ్ లాగి ఫ్యూజు వేయబోతాడు. స్విచ్‌కు మూడు కత్తుల్లాంటి బ్లేడ్లుంటాయి. రెండు తెరుచుకుని మూడోది అతుక్కుపోయి ఉంటే? కిందనుంచి చూస్తే తెలియదు. అలా పోయిన ప్రాణాలు రాయలసీమ పల్లెల్లో ఎన్నో. అందుకే ఈ ప్రాంతంలో లైన్‌మన్ పనిలో పెద్ద భాగం రైతును స్తంభమెక్కకుండా ఆపడమే!

కాగితం మీద ఒక అంకె

మళ్లీ ఆ వానరాత్రికి వద్దాం. పెద్దాయన ‘ఆగు’ అన్నాడు కదా, దేనికోసం? ఎల్‌సీ కోసం. లైన్ క్లియర్ అనే మాటను ఈ వృత్తిలో అంతా అలాగే పిలుస్తారు.

లైనుమీద పనిచేయాలంటే ముందు సబ్‌స్టేషన్‌లో డ్యూటీలో ఉన్న ఆపరేటర్‌కు చెప్పాలి. ఏ ఫీడరు, ఏ స్తంభం దగ్గర, ఏం పని, అడిగేది ఎవరు. ఆపరేటర్ బ్రేకరు తీసి, రిజిస్టరులో రాసి, ఒక నంబరు ఇస్తాడు. ఆ అంకె చేతికొచ్చేదాకా స్తంభం మీద చెయ్యి వేయకూడదు.

నంబరు వచ్చింది. ఇక ఎక్కొచ్చా? అప్పుడూ ఆగాల్సిందే! దగ్గర్లోని ఏబీ స్విచ్ తెరవాలి. మూడు బ్లేడ్లూ విడిపోయాయో లేదో టార్చి వేసి చూడాలి. ఇంకెవరూ వచ్చి మూయకుండా తాళం వేయాలి. తర్వాత తీగలో కరెంటు లేదని పరీక్షించాలి. ఆ తర్వాత డిశ్చార్జి రాడ్లతో మూడు తీగల్నీ కలిపి భూమికి ఎర్త్ చేయాలి. పనిచేసే చోటికి రెండువైపులా ఎర్త్ ఉండాలి. ఎవరైనా పొరపాటున లైను వేసినా, పక్క లైను నుంచి కరెంటు పాకినా, అది మనిషి ఒంట్లోంచి కాకుండా రాడ్డులోంచి నేలకు దిగిపోతుంది. ఇదంతా అయ్యాక హెల్మెట్, గ్లౌజులు, నడుముకు బెల్టు. అప్పుడు ఎక్కాలి.

దిగాక కూడా పద్ధతి ఉంది. మనుషుల్ని లెక్కపెట్టాలి. పనిముట్లు లెక్కపెట్టాలి. ఎర్త్ రాడ్లు తీయాలి. ఎల్‌సీ తీసుకున్న మనిషే దాన్ని తిరిగి ఇవ్వాలి. ఇంకొకరు చెప్తే చెల్లదు. ఒకే ఫీడరు మీద రెండు చోట్ల రెండు బృందాలు పనిచేస్తుంటే ఇద్దరూ తిరిగిచ్చాకే కరెంటు వేయాలి.

రాసి చూస్తే పది వాక్యాలు. పాటిస్తే అరగంట. వెయ్యిసార్లు చేసినవాడికి అందులో ఏదో ఒకటి వదిలేయాలనిపిస్తుంది. రాడ్డు మరో ఊళ్లో ఉండొచ్చు. గ్లౌజు చిరిగి ఉండొచ్చు. ఊరి పెద్దమనిషి పక్కనే నిలబడి ‘రెండు నిమిషాల పనికి ఇంత సేపా?’ అంటుండొచ్చు. 2019 తర్వాత కొత్తగా చేరినవారిలో కొందరు స్తంభాల మీదే ప్రాణాలు కోల్పోయిన వార్తలు రాష్ట్రంలో పలుచోట్ల నుంచి వచ్చాయి. ఐటీఐలో వైరింగు బాగా నేర్చిన కుర్రాడికి ఊళ్లోవాళ్ల తొందరను తట్టుకోవడం ఎవరు నేర్పుతారు? పక్కన ఒక పెద్దాయన ఉంటే ఆయన. లేకపోతే ఎవరూ లేరు.

తీగ తెగిన ఉదయం

లైన్‌మన్ చదువు అతని ఒక్కడి ప్రాణానికి సంబంధించింది కాదు. 2022 జూన్ 30 ఉదయం ఈ ప్రాంతం ఆ సంగతిని కన్నీళ్లతో తెలుసుకుంది. ధర్మవరానికి దగ్గర్లోని తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి వద్ద వ్యవసాయ కూలీలతో వెళ్తున్న ఆటోమీద కరెంటు తీగ తెగిపడింది. క్షణాల్లో మంటలు. కూలి పనికి బయల్దేరిన ఐదుగురు మహిళలు సజీవ దహనమయ్యారు. లైనుమీదికి ఉడుత దూకడంవల్ల తీగ తెగిందని అధికారులు అప్పట్లో చెప్పారు. ఉడుత దూకితే తీగ తెగడమేమిటని జనం అడిగారు.

ఆ ఏడాదే నవంబరు 2న అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరులో మరో ఘోరం. కూలీలున్న ట్రాక్టరు మీద తీగ పడింది. నలుగురు మహిళలు చనిపోయారు.

ఇలాంటివి ఎందుకు జరుగుతాయి? ఇన్సులేటర్ దగ్గర ఉడుతో పక్షో తీగకూ ఇనుప క్రాస్ ఆర్మ్‌కూ మధ్య వంతెనైతే ఒక్కసారిగా మెరుపులాంటి మంట పుడుతుంది. ఆ వేడికి పాతబడ్డ పోగులు కరిగి తీగ తెగొచ్చు. తెగి నేలను తాకగానే సబ్‌స్టేషన్‌లో బ్రేకరు పడిపోవాలి. కానీ ఎండిన నేల, రాతినేల కరెంటును సరిగా పీల్చుకోదు. అలాంటప్పుడు బ్రేకరుకు తీగ తెగిన సంగతే తెలియకపోవచ్చు. అనంత నేలల్లో ఎండిన నేలకు, రాతినేలకు కొదవా?

అందుకే లైన్‌మన్ చదువులో మరో ముఖ్యమైన పాఠం నడక. లైను కింద మొదటి స్తంభం నుంచి చివరి స్తంభం దాకా తల పైకెత్తి నడవాలి. పోగు విడిన తీగ, బీటపడ్డ పింగాణీ, వంగిన క్రాస్ ఆర్మ్, సడలిన స్టే వైరు, తీగను తాకబోతున్న కొమ్మ, వేలాడిపోయిన తీగ... అన్నీ కంటపడాలి. వీధిని దాటే చోట 11 వేల వోల్టుల తీగ నేల నుంచి 6.1 మీటర్ల ఎత్తున ఉండాలని నిబంధన. గడ్డివాము ఎత్తుగా వేసిన ట్రాక్టరు కింద నుంచి పోతే ఆ ఎత్తు విలువ తెలుస్తుంది. నడిచి చూసిన లైను వార్తల్లోకి ఎక్కదు. నడవని లైనే ఎక్కుతుంది.

ఆమె కూడా ఎక్కింది!

‘ఇది మగవాళ్ల పని’ అన్న మాట కూడా ఈ మధ్యే కరిగింది. 2019లో తెలంగాణలో జూనియర్ లైన్‌మన్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చినప్పుడు మహిళలకు అవకాశం లేదన్నారు. సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష, మహబూబాబాద్ జిల్లాకు చెందిన భారతి హైకోర్టు తలుపు తట్టారు. కోర్టు వాళ్ల పక్షాన నిలిచింది. 2020 డిసెంబరులో ఇద్దరూ నిమిషంలోపు స్తంభమెక్కి చూపించారు. 2022 మే నెలలో శిరీష ఉద్యోగ పత్రం అందుకున్నారు. ఐటీఐల్లో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివే అమ్మాయిలకు ఇప్పుడు ఆమె పేరే ధైర్యం.

శిరీష కథలో అందరూ చెప్పుకునేది ఆ నిమిషమే. దాని వెనకున్న నెలల సాధన, కోర్టు మెట్ల దగ్గర ఎదురుచూపు మాత్రం ఎవరూ లెక్కపెట్టరు. ఆగడం ఆమెకూ తప్పలేదు మరి!

అక్కడ నాలుగేళ్లు

ప్రపంచంలో ఎక్కడైనా ఈ వృత్తి రక్తం చిందించే నేర్చుకుంది. అమెరికాలో తొలినాళ్లలో లైన్‌మన్ల చావులకు లెక్కే లేదు. ఆ బాధతోనే 1891లో సెయింట్ లూయిస్‌లో కొందరు కలిసి కార్మిక సంఘం పెట్టుకున్నారు. దాని మొదటి అధ్యక్షుడు హెన్రీ మిల్లర్ స్వయంగా లైన్‌మన్. 1896లో పనిలో ఉండగానే షాక్ తగిలి స్తంభం మీంచి పడి చనిపోయాడు. ఆ అనుభవాల నుంచే పద్ధతి పుట్టింది. ఇప్పుడక్కడ పూర్తిస్థాయి లైన్‌మన్ అనిపించుకోవాలంటే సుమారు నాలుగేళ్లు, 7 వేల గంటల పాటు అనుభవజ్ఞుల పక్కనే ఉండి పనిచేయాలి.

మన దగ్గరా పెద్ద విద్యలున్నాయి. బెంగళూరులోని హాట్‌లైన్ శిక్షణ కేంద్రంలో కరెంటు పారుతుండగానే లైనుకు మరమ్మతు చేయడం నేర్పుతారు. లోహపు పోగులు నేసిన సూటు వేసుకుని మనిషి తీగతో సమానమైపోతాడు, సరిగ్గా కాకిలాగే! హిందూపురం నుంచి ఆ ఊరు వంద కిలోమీటర్ల దూరం. లక్షల వోల్టుల టవరెక్కే ఆ కొద్దిమందికి నెలల తరబడి శిక్షణ, ఖరీదైన సూట్లు. పల్లెలో రోజూ 11 వేల వోల్టుల పక్కన బతికే కుర్రాడికీ మంచి గ్లౌజులు, ఊరూరా ఎర్త్ రాడ్లు, మొదటి రెండేళ్లయినా పక్కన ఒక పెద్దాయన... ఇవి గొంతెమ్మ కోరికలేమీ కావు. 2021 నుంచి దేశంలో ఏటా మార్చి 4న లైన్‌మన్ దివస్ జరుపుతున్నారు. పూలదండకన్నా ఆ జత గ్లౌజులే వాళ్లకు అసలైన సన్మానం.

ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవాలి!

* తెగిపడిన తీగ చచ్చిన పాము కాదు. దాంట్లో కరెంటు ఉందనే అనుకోవాలి. కనీసం పది మీటర్ల దూరంలో ఆగి, ఇతరుల్ని ఆపి, 1912 నంబరుకు ఫోను చేయాలి.

* వాహనం మీద తీగ పడితే లోపలే కదలకుండా ఉండటం మేలు. మంటలు వచ్చి దిగక తప్పకపోతే బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు కాళ్లూ జోడించి దూరంగా దూకాలి. తర్వాత కూడా పాదాలు విడదీయకుండా చిన్న చిన్న గెంతులతోనే దూరం పోవాలి.

* షాక్ కొట్టినవారిని చేత్తో పట్టుకుని లాగకూడదు. ఇంట్లో అయితే ముందు మెయిన్ స్విచ్ ఆపాలి. శ్వాస లేకపోతే 108కి ఫోను చేసి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి.

* ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు రైతు పని కాదు. ఎంత తొందరైనా లైన్‌మన్ కోసం ఆగాలి.

* జనరేటర్ పెట్టుకున్నవాళ్లు చేంజోవర్ స్విచ్ లేకుండా వాడకూడదు. మీ ఇంటి వెలుగు స్తంభం మీది మనిషికి ప్రాణాంతకం కావొచ్చు.

* బట్టలు ఆరేసే ఇనుప తీగను కరెంటు స్తంభానికి కట్టకూడదు. స్టే వైరుకు పశువుల్ని కట్టకూడదు.

* కరెంటు ఎప్పుడొస్తుందో తెలియాలంటే 1912కి ఫోను చేయండి. స్తంభం మీదున్న మనిషికి పదేపదే ఫోను చేయకండి.

పెనుకొండ కింద ఆ రాత్రి పని పూర్తయ్యేసరికి పదిన్నర. కొమ్మ తీశారు. తెగిన జంపరు వేశారు. దిగాక పనిముట్లు లెక్కపెట్టారు. రాడ్లు తీశారు. పెద్దాయన ఫోను తీసి ఎల్‌సీ నంబరు చెప్పి, ‘మా ఇద్దరమూ కిందే ఉన్నాం, లైను వెయ్యి’ అన్నాడు. క్షణం నిశ్శబ్దం. చీకట్లో ఒక్కసారిగా పల్లె మెరిసింది. పిల్లల కేరింతలు గట్టుదాకా వినిపించాయి. కుర్రాడు ఫోను చూసుకున్నాడు. నలభై మిస్డ్ కాల్స్. కరెంటు వచ్చాక మాత్రం ఒక్కటీ లేదు.

‘పోదాం పద’ అన్నాడు పెద్దాయన. రేపు పొద్దున్నే అదే లైను కింద మళ్లీ నడవాలి.